ఏ మడి?

అల్పపీడనం అన్నారు. ఖాశింబి పరిగెత్తి
నారుమళ్ళ మీద నల్లపట్టాలు పరిచింది.
పొగాకు విత్తనం నశ్యం కన్నా సన్నం,
మొలిచినా ఒక్క జడివానకు కొట్టుకుపోతుంది.
వాన వెలిశాక పట్టాలన్నీ లాగింది గానీ
లెక్క తప్పింది.
కంచె వారన మడి ఒకటి
ఐదో రోజు దాకా చీకట్లోనే ఉండిపోయింది.

"సారూ, కాలేజీలో ఆకుల పాఠం చెప్తారంట గదా,
ఇదేందో చూడండి."
చూశాను.
మెడలు సాగిన మొలకలు,
కామెర్ల పిల్లల్లాంటి పసుపు,
రెండేసి ఆకులు దోసిలి విప్పకుండా.
"చచ్చినట్టేనా?"
లేదమ్మా, తడుముకుంటున్నాయి.

ఎట్లా చెప్పను?
ప్రతి కణంలోనూ పచ్చదనం ముందే రాసుందని,
ఆ పేజీ మీద ఎవరో మోచెయ్యి ఆనించి కూర్చున్నారని,
వెలుగు కొత్తగా రాసేదేమీ లేదని,
ఆ చెయ్యి తీయించడమే దాని పని అని.

బోర్డు మీదైతే గీసేవాణ్ణి.
ఎర్రకాంతి సోకిన ప్రోటీన్ ఒకటి
ఒళ్ళు మార్చుకుని కేంద్రకం గడప దాటుతుంది,
జన్యువులకు అడ్డం కూర్చున్నవాణ్ణి లేపి పంపేస్తుంది.
నాలుగు మార్కుల ప్రశ్న.
ఇక్కడ సుద్దముక్క లేదు,
మన్నేరు మీంచి గాలి, పిక్కల దాకా బురద.

ఒక్కసారే ఎండ తగలనీయొద్దు, అన్నాను.
నవ్వింది.
"బాలింత గదిలోంచి బిడ్డను
నడిమజ్జాన్నం ఎండకు తెస్తామా సారూ?"
అప్పటికే వరిగడ్డి పలచగా దులుపుతోంది,
వేళ్ళ సందుల్లోంచి వెలుగును కొలిచి పోస్తున్నట్టు.

పొద్దుగూకే వేళకి దోసిళ్ళు విడ్డాయి.
అంచుల్లో ఆకుపచ్చో, నా కళ్ళ ఆశో.
తెల్లారేసరికి అనుమానం లేదు.

కందుకూరు బస్టాండు దగ్గర సోడాకొట్టు బోర్డు
ఇంకా ప్రకాశం జిల్లా అనే అంటుంది.
కాగితాల్లో మమ్మల్ని నెల్లూరులో కలిపేశారు.
ఊరు అదే, మట్టి అదే,
చదివే వరుస మారింది.

మాఘంలో ఈ ఆకుల్నే కర్రలకు కట్టి
బ్యారన్‌లో వేలాడదీసి తలుపు మూస్తారు.
ఆ వేడి చీకట్లో
ఆకు మళ్ళీ పసుపు పేజీ తిప్పుతుంది.
ఆ పసుపును వేలంలో వేళ్ళతో నిమిరి
కిలోకింతని పాడతారు.
ఈ పసుపుకు మాత్రం
రెండు రోజుల కూలి కోస్తానని కబురు పెట్టాడు మాల్యాద్రి.

మూడోనాడు బండి దిగాడు.
గట్టు మీద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని
పదహారు మళ్ళూ చూశాడు. పదహారూ పచ్చగా ఉన్నాయి.
"ఏ మడే?"
ఖాశింబి కంచె వైపు చూడలేదు.
నేనూ చూడలేదు.

దగ్గరికి పోతే తెలిసేది,
ఆ మడిలో మెడలు ఇంకా కాస్త పొడుగే.
అతను వంగలేదు.