నీళ్ళు నమిలిన రోజు

పెంబా దీవిలో, రేకుల కప్పు కింద
ఏడో తరగతికి సైన్సు చెబుతాను.
నేను చదివింది చరిత్ర. ఖాళీ ఉన్నది సైన్సులో.
ఇరవై రెండేళ్ళుగా అదే వాక్యం:
చంద్రుడు సముద్రాన్ని తనవైపు లాగుతాడు, అందుకే పోటు.
రాసుకోండి.
రాసుకునేవాళ్ళు.
పరీక్షలో అదే దించి గట్టెక్కేవాళ్ళు,
ఒకప్పుడు నేను గట్టెక్కినట్టే.

నిన్న మ్వనాకోంబో చెయ్యెత్తింది.
గోళ్ళ సందుల్లో ఇంకా ఇసుక.
తెల్లారకముందే తల్లి వెంట వెళ్ళి
ఆటుకి బయటపడ్డ తాళ్ళకి
సముద్రపు నాచు ముడేసి వచ్చే పిల్ల.
"చంద్రుడు ఒక్కడే కదా మాస్టారూ,
రోజుకి రెండు పోట్లెందుకు?
ఆయన భూమికి అవతల ఉన్నప్పుడు
ఇక్కడి నీళ్ళని ఎవరు లేపుతున్నారు?"

నీళ్ళు నమిలాను.
చుట్టూ అంత సముద్రం, నమలడానికి కొదవేముంది.
"రేపు చెబుతా."

రాత్రి పుస్తకం తీస్తే
అదీ నాలాంటిదే.
భూమికి రెండు పక్కలా రెండు ఉబ్బులు గీసి
రెండో ఉబ్బు దగ్గర తప్పుకుపోయింది.
కిరసనాయిలు అయిపోతోందని మా ఆవిడ గొణిగింది.

పొద్దున ముగ్గుర్ని ఇసుకలో వరసగా నిలబెట్టాను.
నా దగ్గరగా హాజీ, నడుమ కోంబో, చిట్టచివర ఫాకీ.
"నేను చంద్రుణ్ణి. కోంబో భూమి. మీరిద్దరూ నీళ్ళు.
దగ్గరివాణ్ణి గట్టిగా లాగుతాను, దూరంవాణ్ణి మెల్లిగా.
ఊఁ, రండి!"
హాజీ దూసుకొచ్చాడు.
కోంబో సగం దూరం వచ్చాడు.
ఫాకీ కదిలీ కదలనట్టు రెండడుగులేశాడు.

"చూశారా, ఇప్పుడు..." అంటూ
నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే ఉండిపోయాను.

హాజీకీ కోంబోకీ మధ్య ఎడం.
కోంబోకీ ఫాకీకీ మధ్య కూడా ఎడం.
ఫాకీని వెనక్కి లాగినవాళ్ళెవరూ లేరు.
నడుమనున్న భూమే
వాణ్ణి వదిలేసి ముందుకొచ్చింది.
వెనకబడ్డ నీళ్ళు. అదే రెండో పోటు.

"అర్థమైందా మాస్టారూ?" అంది మ్వనాకోంబో.
నేనడగాల్సిన ప్రశ్న.
"అయిందమ్మా."

నా దగ్గర సగం పోటే పట్టుకెళ్ళిన పిల్లలు గుర్తొచ్చారు.
ఒకడు పడవ నడుపుతున్నాడు.
ఒకామె లవంగాల గోదాములో తూకం వేస్తోంది.
ఇంటింటికీ వెళ్ళి మిగతా సగం ఇచ్చి రావాలనిపించింది.

"ఎప్పుడూ నేనే ఎందుకు చివర?" అని ఫాకీ మూతి ముడిచాడు.
ఆ పిల్ల చెయ్యి మాత్రం ఇంకా దిగలేదు.
"మరి సగం చంద్రుడున్నప్పుడు
నీళ్ళు చచ్చినట్టు పడుంటాయెందుకు?
ఆ రోజుల్లో అమ్మ తాళ్ళు బయటపడవు."

ఈసారి నమల్లేదు.
"తెలీదు. మీ అమ్మ ఎన్నింటికి బయల్దేరుతుంది?"

ఇవాళ మోకాళ్ళదాకా లుంగీ ఎగగట్టి
చీకట్లో తాడు పట్టుకుని నిలబడ్డాను.
వాళ్ళమ్మ దీపం నా చేతుల మీదికి వంచి
"అలా కాదు, విప్పండి" అంటోంది.