తొంభై తొమ్మిది

ఒకప్పుడిక్కడ బీరు కాచేవారట.
మిషిగన్‌లో మంచు పడ్డ పొద్దుట
ఇటుక గోడకు ముక్కు ఆనిస్తే
ఇప్పటికీ పులిసిన బార్లీ వాసన వస్తుందని
విల్మా హూక్‌స్ట్రా పందెం కాసేది.
నాకెప్పుడూ తడి కోటు వాసనే తగిలింది.

పీపాలు దొర్లిన నేల మీద ఇప్పుడు
ట్రాలీల నిండా సిద్ధాంతాలు.
ఒక్కోదానికీ రెండంకెలు, ఒక అక్షరం, మళ్ళీ రెండంకెలు.
పదకొండైతే సంఖ్యలు.
ముప్పై ఐదైతే ఇనుములో వేడి పాకే తీరు.
జడల లెక్క మాత్రం ఇరవైలోనూ ఉంటుంది, యాభై ఏడులోనూ ఉంటుంది.
అవే మూడు పాయలు,
అల్లే చేతిని చూస్తే బీజగణితం
అల్లిన జడను చూస్తే ముడుల శాస్త్రం.
"ఏదో ఒకటి ముందు రాయి" అనేది విల్మా,
"కవరు మీద రెండు పేర్లున్నా
తలుపు తీసేది ఒకరేగా."

నేను మొదటి పేజీ చదివేదాన్ని.
ఆమె చివరి పేజీకి తిప్పేది.
"ఏం కనిపెట్టాడో తర్వాత.
ఎవరెవరికి బాకీ ఉన్నాడో చూడు.
అప్పుల చిట్టాయే అడ్రసు."

ఒక ఫిబ్రవరిలో కుతాయిసి నుంచి నాలుగు పేజీలొచ్చాయి.
ఓటియా క్విర్క్వేలియా.
తనలోంచి తానే దూరి బయటపడ్డ తాడు బొమ్మ ఒకటి.
చివరి పేజీలో
ఎవరికీ ఒక్క పైసా బాకీ లేదు.

మూడు రోజులు అది విల్మా బల్ల మీదే ఉంది.
దాని మీద టీ కప్పు పెట్టలేదు.
దేని మీదైనా పెట్టేస్తుంది ఆమె.

ప్రతి విభాగానికీ అడుగున ఒక వరస ఉంటుంది:
పై వాటిలో ఏదీ కాదు, కానీ ఈ విభాగంలోనిదే.
తొంభై తొమ్మిది.
అది చెత్తబుట్ట అనుకునేదాన్ని,
వేళ కాని వేళ వచ్చినవాడికి
వసారాలో మంచం వాల్చినట్టు
ఆమె ఆ నాలుగు పేజీలనూ అక్కడ చేర్చేదాకా.

పదేళ్ళకోసారి పట్టిక తిరగరాస్తారు.
ఈసారి ఉత్తరంలో ఉంది:
వసారాలో జనం ఎక్కువయ్యారు,
పదకొండు మంది ఆ నాలుగు పేజీలకే బాకీ పడ్డారు,
కొత్త అక్షరం తెరవాలి.

ఓటియా ఉన్నాడో లేడో మాకు తెలీదు.
విల్మాకి ఫోన్ చేశాను. సరస్సు ఒడ్డున ఉంటోంది,
చెవులు సరిగా వినపడవు.
"గది వచ్చింది!" అని అరిచాను.
"ఎవరొచ్చారు?" అంది.

కొత్త అక్షరం కింద ఆరు వరసలు కొట్టాను,
కమిటీ పంపినవి పంపినట్టు.
ఏడోది ఎవరూ చెప్పకుండానే
చెయ్యి కొట్టుకుంటూ పోయింది:
పై వాటిలో ఏదీ కాదు, కానీ