అసలు పేరు

రిచీ స్ట్రీట్‌లో బేరమాడి తెచ్చిన ముక్కల్ని
గాజులు తీసి, కిటికీ ఊచ ముట్టుకుంటూ
నేనే బిగించాను.
ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది.
నెట్ కార్డు మాత్రం ఉలకదు.

డ్రైవర్ దిగాలంటే నెట్ రావాలి,
నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి.
పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు,
పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు –
అమ్మమ్మ ఈ మాట నా పెట్టె గురించే అందని
పెరంబూరు ఉక్కలో తెలిసింది.

ఫోనుకి తీగ కట్టి దింపాను. పలకదు.
కింది వాటా ఇళవరసి పెన్సిల్ రబ్బరుతో
కార్డు బంగారు పళ్లు తోమాను.
ఉప్పుగాలి నల్లగా రాలింది.
అయినా పలకదు.

రెండో రాత్రి టార్చి వేసి చూస్తే
చిప్ మీద నువ్వుగింజంత అక్షరం:
జి కాదు, హెచ్.
ఇన్నాళ్లూ దాన్ని
పక్కింటివాళ్ల పేరుతో పిలుస్తున్నాను.

అసలు పేరుతో పిలిచాను.
పచ్చగా రెప్ప కొట్టింది.

గాజులే, ఎక్కడ పెట్టానో.