ముహర్రక్‌లో మూడు చోట్ల

ఈద్ సెలవు రెండు రోజులే.
మొదటిది బట్టలుతకడానికే పోయింది.
రెండో రోజు పొద్దున్నే ముహర్రక్ బజారులో
నేనూ, టైల్స్ పరిచే రాజమల్లూ
ఏ ఖన్‌ఫరూష్ మంచిదో తేల్చడానికి దిగాం.

మొదటి దుకాణంలో కుంకుమపువ్వు ఎక్కువ,
వేళ్లన్నీ పెళ్లికొడుకు వేళ్లయ్యాయి.
రెండో చోట పన్నీరు.
"అత్తరు మింగినట్టున్నదన్నా"
అన్నాడు గానీ ముక్క వదల్లేదు.

తినేముందు ప్రతిదాన్నీ
చెవి దగ్గర పెట్టి గోటితో కొడతాడు రాజమల్లు.
కింద సిమెంటు నిండని టైలుని
పనిలో అలాగే పట్టేస్తాడు.
"డొల్ల" అంటాడు, తల అడ్డంగా ఊపి.

మూడోది దుకాణం కాదు.
గ్యాసు పొయ్యి, నల్లటి మూకుడు,
మడతకుర్చీలో ఉమ్ జాసిమ్.
అంచు కరకర, నడుమ దూది,
యాలకులు ఇప్పుడే దంచినట్టు.
బియ్యప్పిండే కదా,
అరిసె గుర్తొస్తుందని కాచుకున్నాను.
రాలేదు.
నోట్లో ఉన్నదానికి
పోలిక దొరకలేదు, వెతకడం మానేశాను.

రాజమల్లు గోరు ఎత్తాడో లేదో
అట్లకాడతో వేళ్ల మీద ఒక్కటేసి
అరబ్బీలో ఏదో అంది.
ఇద్దరికీ అర్థమైంది: ముందు తినరా.

ఆరు పొట్లం కట్టించుకున్నాం.
క్యాంపు చేరేసరికి నాలుగు.
లెక్క
నేనడగలేదు, అతనూ అడగలేదు.