మ, య

మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
మా ఐదో తరగతి మొత్తం ఒకేసారి తుమ్ముతుంది,
చెవులు వినపడని దీవెనతో సహా.
రోజు మొత్తంలో అందరికీ సమానంగా అందే పాఠం అదొక్కటే.

బాలశౌరికి మ, య ఒకటే.
'అమ్మ' రాయరా అంటే 'అయ్య' రాస్తాడు.
"ఇద్దరూ యార్డుకే పోయారుగా టీచర్" అంటాడు.
నాలుగేళ్లు వాడి కార్డు మీద
మొద్దు అనే మాటకి మర్యాదైన మాటలు వెతికాం.
నేనూ వెతికాను. ఎర్ర సిరా నాదే.

మొన్న వాళ్లింటికి వెళ్లాను, నల్లచెరువు సందులో.
వాళ్లమ్మ తొడిమలు తీస్తోంది, కిలోకింత లెక్కన.
వాడు కళ్లు మూసుకుని ఒక్కో కాయా విరిచి వాసన చూశాడు:
"ఇది తేజ. ఇది బాడిగ.
ఇది నిరుటిది, కోల్డ్ స్టోరేజీలో పడుకుని వచ్చింది."
నా అరచేతిలో రెండు పెట్టి ఏది ఏదన్నాడు.
నాకు రెండూ ఎరుపే.
"మళ్లీ చూడండి టీచర్, తొందరేం లేదు."

ఆ మాట
వాడికి నేనెప్పుడూ చెప్పలేదు.
సిలబస్ నన్ను తరుముతుంటే నేను వాణ్ణి తరిమాను.

ఇప్పుడు బడి గచ్చు మీద
తాలు కాయలతో అక్షరాలు పేరుస్తున్నాం.
దీవెన వేలితో మెలిక తిప్పి చూపిస్తుంది,
వాడు ఆ దారినే కాయలు పరుస్తాడు.
వేళ్లు మండుతాయి. కళ్లు నలుపుకోవద్దని
అరిచేది నేను, నలుపుకునేదీ నేనే.

నిన్న వాడు పేర్చింది:
అమ్మయ్య.
మ మలాగే ఉంది. య యలాగే ఉంది.

ఇవాళ మళ్లీ తారుమారు.
కాయలన్నీ ఎత్తి చేటలో పోసి
మళ్లీ కూర్చున్నాం.