దాదాపు

అరవై ఒకటో పేజీ, కింద నుంచి ఏడో పంక్తి.
తప్పు అక్కడ దొరికింది.
జూలై చలి. తెల్లవారుజాము మూడున్నర.
కింద వాషింగ్టన్ బేకరీ షట్టర్ ఎత్తుతున్నాడు.
(మోంతెవీదెయోలో వీధికో వాషింగ్టన్ ఉంటాడు.
మావాడు రొట్టెలు చేస్తాడు.)

నాలుగేళ్ల పనిని నాలుగు ముక్కల్లో చెప్పమంటే:
లెక్కేసేవాడు అడుగడుగునా రవ్వంత తప్పుతాడు.
పదహారో దశాంశం దగ్గర యంత్రానికీ ఓపిక అయిపోతుంది.
ఆ రవ్వ రెండవుతుంది, నాలుగవుతుంది,
యాభై అడుగులు దాటేసరికి
వెళ్లాల్సిన ఊరొకటి, తేలిన ఊరొకటి.
అయినా
ఆ తప్పుల నడకకి వెంట్రుకవాసి దూరంలో
ఒక్క అడుగూ తప్పని దారొకటి
మొదట్నుంచీ నడుస్తూనే ఉంటుంది.
కాకపోతే అది మన గుమ్మంలో బయల్దేరింది కాదు,
పక్కింటి గుమ్మంలోది.
దాన్ని మేం నీడ అంటాం.
ఎవరికెవరు నీడో అడిగితే
సబలేతా మాస్టారు మాతే గొట్టం నోట్లో పెట్టుకుంటారు.

ప్రతి బిందువుకీ నీడ ఉంది, అని నా సిద్ధాంతం.
సాగే దిక్కుకీ కుంచించుకునే దిక్కుకీ మధ్య కోణం
ఎక్కడా సున్నకి జారదని నిరూపించాలి.
నేను నిరూపించలేదు.
"స్పష్టమే" అని రాశాను.
దొంగలు ఆ మాట కిందే కాపురం పెడతారు.

చన్నీళ్లతో మొహం కడుక్కుని మళ్లీ చూశాను.
అక్కడే ఉంది.
కోటు తొడుక్కుని నది వైపు నడిచాను.
నది అని పేరే గానీ అవతలి గట్టు ఎవరికీ కనపడదు.
వ్యవసాయ కళాశాలలో రెండేళ్లు,
మానేసి టెలిఫోన్ కంపెనీలో ఏడాది,
అక్కడ్నుంచి ఇటు. నా నడక ఇదీ.
దీని పక్కన కూడా తప్పు లేనిదేదైనా నడుస్తోందా అని
ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.
గాలం వేసుకుని కూచున్న ముసలాయనా, ఆయన బకెట్టూ.
బకెట్టులో ఏమీ లేదు.

నాలుగున్నరకి బేకరీ వెనక తలుపు తట్టాను.
వాషింగ్టన్ ఏమీ అడగలేదు, కుర్చీ మీది గోనె తీశాడు.
బల్ల మీద వెన్న పరిచిన పిండి.
సాగదీశాడు. మడతేశాడు. పావు వంతు తిప్పాడు.
సాగదీశాడు. మడతేశాడు.
నేను సుద్దముక్కతో చేసేది
ఆయన మోచేతులతో చేస్తున్నాడు, పైగా అమ్ముతున్నాడు.
అంతలో కత్తి తీసి
మడత వంగిన అంచుని నిలువునా కోసి అవతల పెట్టాడు.
"అదెందుకు?"
"వంపు దగ్గర పొరలు విడవవు మాయితే. అతుక్కుంటాయి.
పొయ్యిలో పెట్టినా పొంగవు."

వంపు దగ్గర.
రెండు దిక్కులూ ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట.
మూడున్నర నుంచి నేను వెతుకుతున్న కోణం
కత్తికి అంటుకుని ఉంది.

మధ్యాహ్నానికి నేనూ కోశాను.
"ప్రతి బిందువుకీ" కాస్తా
"దాదాపు ప్రతి బిందువుకీ" అయింది.
మాస్టారు మూడు మాతేలు తాగేదాకా చదివారు.
"కోసేసినవి ఎన్ని?"
"కొలిస్తే సున్న."
"లెక్కపెడితే?"
"లెక్కకి అందవు. ఎక్కడ వేలు పెట్టినా
దాని పక్కనే ఒకటి ఉంటుంది."
"వాటికి నీడ లేదంటావు."
"లేదు."
"పాపం," అన్నారు.
ఆరుబయట వాన మొదలైంది. ఇంకేం అనలేదు.

ఆఫీసులో ఫెలిసియా గారు ఒప్పుకోలేదు.
శీర్షిక జూన్‌లోనే టైపయింది, ఇంకో మాటకి చోటు లేదు.
బతిమాలితే, పంక్తి పైన, నీలం కలంతో,
చీమ తలకాయంత అక్షరాల్లో ఇరికించి
దాని మీదే ముద్ర కొట్టారు.

రాత్రి ఇంటికొచ్చేసరికి తలుపు గొళ్లేనికి
ఒక కాగితం సంచి వేలాడుతోంది.
కోసిన అంచులు. వాషింగ్టన్ అవి ఎవరికీ అమ్మడు.
మెట్ల మీద కూచుని తిన్నాను.
గట్టిగా ఉన్నాయి. పంచదార మాడింది.
సంచి అడుగున వేలు తిప్పి
కిందికి వెళ్లి
రేపు కూడా ఉంచమని చెప్పొచ్చాను.