గలిజేరు ఇచ్చే ముందు

దేవరకొండ అంగడిల
చెప్పులు కుట్టే డబ్బా పక్కన
తడి గోనె పరుచుకుని కూసుంటది ఈదమ్మ.
గోనె మీద పల్లేరు కాయలు, కొండపిండి కట్టలు,
మట్టి రాలని గలిజేరు వేర్లు.
తక్కెడ లేదు. పిడికిలే తూకం.

నేను దవఖాన ల్యాబుల రక్తం గుంజేటోణ్ని.
అంకెలు రాసి రాసి
మనుషుల మొఖాలు చూసుడు మరిచినోణ్ని.
ఈదమ్మ మొఖం కన్నా ముందు కాళ్లు చూస్తది.

మడిమె పైన బొటనవేలితోని ఒత్తుతది.
గుంట పడితే
అది నిండే దాక కండ్లు తియ్యది.
మెల్లగ నిండితే
నోట్ల తంబాకు పక్కకు జరిపి అడుగుతది:
"పొద్దుగాల మొఖం ఉబ్బుతదా,
పొద్దూకినంక పాదాలు ఉబ్బుతయా?"
"నీళ్ల గోలీ ఏస్తున్నవా?"
"నెల తప్పిందా బిడ్డా?"
మూడోది అడిగేటప్పుడు గొంతు దించుతది,
మొగోళ్లుంటే కండ్లతోనే అడుగుతది.

జవాబు నచ్చకపోతే
పైసలు వాపసిచ్చి
దవఖాన దిక్కు చెయ్యి చూపిస్తది.
సొంత బేరం చెడగొట్టుకునే మనిషిని
ఈ అంగడిల ఇంకొకరిని చూడలే.

ఒకనాడు నాకు ఆకు గుర్తువట్టుడు నేర్పింది.
"జంట ఆకులల్ల ఒకటి పెద్దది, ఒకటి చిన్నది,
అక్కా చెల్లెండ్ల లెక్క.
పువ్వు సన్నటి కాడ మీద నిలవడితే గలిజేరు.
ఆకు సందుల దాక్కుంటే అంబటిమాడు,
దాని గుణం వేరే, దాని జోలికి పోకు.
గలిజేరు గింజ కొంగుకు అంటుకుంటది,
పిలవకున్నా ఇంటికొస్తది."

పునర్నవ అంటరు పుస్తకాలల్ల.
ఎండకు మాడి, జాడ లేకుండ పోయి,
మిర్గం చినుకుకు పాత వేరు మీదనే
మళ్ల పుడ్తది.
వాపు దించుతదని, ఆగిన ఒంటేలు తెస్తదని
తాతల సంది నమ్మిక.
కొందరికి దించింది, చూసిన.
ఎందరికి దించలేదో
రాసిపెట్టినోళ్లు లేరు.

రమావత్ సక్రుకు ఆమె ఇయ్యలే.
మొఖం ఉబ్బు, షుగరు, రెండు తీర్ల గోలీలు.
"నీకు గాదు పో" అన్నది.
సక్రు పోయిండు,
దవఖానకు గాదు,
తండా కింది పత్తిచేను గెట్టుకు.
నాలుగు దినాల కింద గడ్డిమందు కొట్టిన గెట్టు.
సగం వాడిన ఆకే సంచి నిండ తెంపి
తొమ్మిది పొద్దులు కాచుకుని తాగిండు.

ఆటోల తెచ్చింది పెండ్లాం జంకు.
పొటాషియం ఏడు దాటింది.
నమూన చెడ్డదనుకుని
రెండోసారి గుంజిన.
అదే అంకె.
మంచి కిడ్నీ ఆకుల ఉప్పును బయటికి నూకుతది,
అలిసిన కిడ్నీ లోపల్నే కుప్పవోస్తది,
గుండె అడుగు తప్పుతది.
ఆకు చేసిందా, మందు చేసిందా,
ఆలస్యం చేసిందా
నా మిషను చెప్పదు.

బతికిండు.
మంగళారం, శుక్రారం
డయాలసిస్ మంచం మీద పండుకుని
కిటికీలకెళ్లి చూస్తడు,
గోడ పగుల్ల గలిజేరు మళ్ల మొలిచింది.
దానికి ఉన్న వరం
పిడికెడంత కిడ్నీకి లేదు.

సంగతి ఈదమ్మకు చెప్పిన.
ఏమనలే.
ఎండిన వేరును గోటితోని గీకుకుంట
చానసేపు కూసున్నది.

మల్లొచ్చిన వారం నాలుగో ప్రశ్న మొదలువెట్టింది:
"నేనియ్యకుంటే ఏడ తెంపుకుంటవ్?"

జవాబు తడబడ్డదా,
గోనె మడిచి సంకల వెట్టుకుంటది,
అంగడి నడిమిట్లనే లేస్తది,
ఆ మనిషి రెక్కవట్టుకుని
నా ల్యాబు దాక నడిపిచ్చుకొస్తది.
చేతులకు మట్టి.
తలుపు తట్టది,
మోచేతితోని నూకుతది.